సామా రాజు సమాధి రాళ్ళు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కొరియా పాత రాజ్యాల్లో ఒకటైన బెక్‌జే గురించి, దాని 25వ రాజు మురియోంగ్ (ఏలింది 501–523, బతికుండగా పేరు సామా) గురించి గత సంచికలో ఒక పేజీ వేశాం. 1971లో గోంగ్జు పట్టణంలో ఆయన సమాధి దొంగల చెయ్యి పడకుండా దొరికిందని, అందులో రాతి పలకల మీద శాసనాలున్నాయని రాశాం. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మురియోంగ్ గద్దెనెక్కేసరికి బెక్‌జే చితికిపోయి ఉందన్నారు. ఎందుకు చితికింది? ఈయన ఏం చేసి నిలబెట్టాడు? (గుంటూరు)

475లో ఉత్తరాది గోగురియో రాజు జాంగ్సు 30 వేల సైన్యంతో వచ్చి బెక్‌జే రాజధాని హాన్సోంగ్‌ను పట్టుకున్నాడు. ఇప్పటి సియోల్ నగరం ఆగ్నేయ భాగమే ఆ హాన్సోంగ్. రాజు గెరోను చంపేశారు. మిగిలినవాళ్ళు దక్షిణానికి వచ్చి ఉంగ్జిన్‌లో, అంటే ఇప్పటి గోంగ్జులో, తలదాచుకున్నారు. ఉత్తరాన గుమ్ నది, చుట్టూ గుట్టలు ఉండటంతో కాపలాకు అనువైన చోటే. అయితే ఒక రాజ్యానికి రాజధానిగా ఇరుకు. పైగా హాన్ నది ఒడ్డు సారవంతమైన పొలాలు పోయాయి. వలస వచ్చిన పెద్ద కుటుంబాలకూ, అంతకు ముందునుంచే అక్కడున్న కుటుంబాలకూ పడేది కాదు. తర్వాతి 26 ఏళ్ళలో మున్జు, సంగున్, దోంగ్సోంగ్ అని ముగ్గురు రాజులు వచ్చారు. మొదటివాడు మంత్రి చేతిలో పోయాడు. రెండోవాడు 13 ఏళ్ళకు రాజై మూడో ఏటనే పోయాడు. మూడోవాడిని వేటకు వెళ్ళి మంచులో చిక్కుకున్నప్పుడు పొడిచారు.

ఆ కత్తి వెనకున్నవాడు బెక్ గా అనే సామంతుడు. తనను రాజధాని నుంచి తప్పించి గారిమ్ కోటకు పంపారన్నది అతని కోపం. కొత్త రాజు మురియోంగ్ మొదట చేసిన పని ఆ కోట మీదికి సైన్యం నడిపించడం. బెక్ గా బయటికొచ్చి లొంగిపోయాడు. అయినా తల నరికి నదిలో వేయించారు. అప్పటికి మురియోంగ్ వయసు 40. ఉడుకురక్తంతో చేసిన పనిలా నాకు కనిపించదు. వరుసగా రాజులను చంపడానికి అలవాటుపడ్డ దర్బారుకు ఇచ్చిన జవాబు అది. (ఆ గారిమ్ కోట గుట్ట మీద ఇప్పుడొక పెద్ద చెట్టుంది. కొరియా సీరియళ్ళు చూసేవాళ్ళు ప్రేమ సన్నివేశాల్లో దాన్ని చూసే ఉంటారు.)

తర్వాత పొలాల మీద పడ్డాడు. 506లో వాన లేక నదులు ఎండిపోతే ధాన్యపు కొట్లు తెరిపించాడు. 509లో, దక్షిణాన గాయా ప్రాంతానికి పారిపోయి మూడు నాలుగు తరాలుగా అక్కడే ఉంటున్న బెక్‌జే జనాన్ని వెతికి తెప్పించి మళ్ళీ లెక్కల్లో రాయించారని జపాన్ రికార్డు. 510లో చెరువు కట్టలు, కాలువ గట్లు గట్టి చేయించి, ఊళ్ళలో ఊరికే తిరిగేవాళ్ళను సేద్యానికి మళ్ళించాడు. ఈ మూడూ కలిపి చూడండి. పన్ను కట్టేవాడు లేకపోతే సైన్యం ఉండదు, నీళ్ళు లేకపోతే పన్ను కట్టేవాడు నిలవడు. 512లో గోగురియోవాళ్ళు రెండు కోటలు పట్టుకుంటే 3,000 మంది మేలిరకం గుర్రపు దళంతో తనే వెళ్ళి కొట్టి వచ్చాడు. దేశంలో 22 దామ్నోలు, అంటే జిల్లాలాంటివి ఉండేవని, వాటికి రాజుగారి కొడుకులనో దాయాదులనో పంపేవారని చైనా లియాంగ్ వంశ చరిత్ర చెబుతోంది.

521 చివర్లో లియాంగ్ చక్రవర్తికి పంపిన లేఖలో 'గోగురియోను ఎన్నోసార్లు ఓడించాం, మళ్ళీ బలమైన దేశమయ్యాం' అని రాయించాడు. దీన్ని ఎత్తిచూపనివాళ్ళు లేరు. కానీ అదే ఏడాది వేసవిలో వరదలు, ఆ తర్వాత మిడతల దండు, ఆకలికి తాళలేక 900 కుటుంబాలు పక్క రాజ్యం సిల్లాలోకి పారిపోవడం కూడా జరిగాయి. సంగుక్ సాగి అనే పాత కొరియా చరిత్ర గ్రంథంలో ఈ రెండూ ఒకే సంవత్సరం కింద, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

ప్రశ్న: ఒకచోట ఈయన దోంగ్సోంగ్ కొడుకని, ఇంకోచోట అన్న అని చదివాను. ఏది నిజం? (కరీంనగర్)

కొడుకు అన్నది సంగుక్ సాగి మాట. అది 1145లో, అంటే మురియోంగ్ పోయిన ఆరు వందల ఏళ్ళకు తయారైన చరిత్ర. అన్న అన్నది 720 నాటి జపాన్ చరిత్ర నిహోన్ షోకి మాట. అది బెక్‌జేవాళ్ళ సొంత పుస్తకం ఒకదాన్ని ఉదహరిస్తూ, మురియోంగ్ రాకుమారుడు గోంజి కొడుకని, దోంగ్సోంగ్‌కు సవతి అన్న అని అంటుంది. అందులోనే ఇంకో కథ కూడా ఉంది. గెరో రాజు వల్ల గర్భవతై ఓడలో జపాన్‌కు వెళుతున్న తల్లి దారిలో క్యూషూ దగ్గర ఒక దీవిలో ప్రసవించిందని, అందుకే పిల్లవాడికి దీవి అని అర్థం వచ్చేలా సామా అని పేరు పెట్టారని.

1971 దాకా కొరియాలో ఎక్కువమంది ఆ దీవి కథను పక్కన పెట్టారు. సమాధిలో పలక దొరికాక లెక్క మారింది. పలక ప్రకారం రాజు పుట్టింది 462. దోంగ్సోంగ్ 479లో గద్దెనెక్కేనాటికి ఇంకా చిన్నవాడే. అతనికి అప్పటికే 18 ఏళ్ళ కొడుకు ఉండటం కుదరదు. కాబట్టి 'కొడుకు' అన్న మాట కొట్టుకుపోయింది. నిహోన్ షోకి చెప్పిన పుట్టిన సంవత్సరం 461, పలకకు ఒక్క ఏడాది తేడా. తండ్రి గోంజినా, గెరోనా అన్నది మాత్రం పలక చెప్పదు. పలక మీద తండ్రి పేరే లేదు.

ప్రశ్న: 'కచ్చితమైన తేదీ తెలిసింది' అని రాసేశారు. ఒక రాయి మీద ఏదో సంవత్సరం పేరుంటే అది 523 అని ఎలా చెబుతారు? లెక్క చేసి చూపించండి. (హైదరాబాద్, లెక్కల మాస్టారు)

చేసి చూపిస్తాం, కాగితం కలం తీసుకోండి. ముందు రాయి గురించి. వెడల్పు 41.5, ఎత్తు 35, మందం 5 సెంటీమీటర్లు. మధ్యలో ఒక చిల్లు. దాని మీది వాక్యం సారాంశం ఇది: 'తూర్పును శాంతింపజేసే మహాసేనాని, బెక్‌జే సామా రాజు, 62 ఏళ్ళ వయసులో, గ్యేమ్యో సంవత్సరం అయిదో నెల ఏడో రోజున పోయాడు. ఉల్సా సంవత్సరం ఎనిమిదో నెల 12న పెద్ద సమాధిలో ఉంచాం.'

సంవత్సరాలకు 60 పేర్ల చక్రం ఉంటుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రభవ నుంచి అక్షయ దాకా మనకున్నట్టే తూర్పు ఆసియాలోనూ ఉంది. తేడా ఏమిటంటే, మనవి 60 విడి పేర్లు. వాళ్ళవి 10 పేర్ల వరుస ఒకటి, 12 పేర్ల వరుస ఒకటి, రెండూ జంటగా తిరుగుతాయి. 10కీ 12కీ క.సా.గు. 60 కాబట్టి 60 ఏళ్ళకు మొదటి జంట మళ్ళీ వస్తుంది. మన ప్రభవ 1987లో వచ్చింది. వాళ్ళ మొదటి జంట గప్జా 1984లో వచ్చింది. మూడేళ్ళ తేడా.

క్రీస్తు శకం సంవత్సరంలోంచి 3 తీసేసి 60తో భాగించండి. శేషమే ఆ చక్రంలో వరుస సంఖ్య. 523 − 3 = 520. 60తో భాగిస్తే శేషం 40. నలభయ్యో జంట పేరు గ్యేమ్యో, కుందేలు సంవత్సరం. 2023 కూడా సరిగ్గా అదే. మధ్యలో 1,500 ఏళ్ళు, అంటే 25 పూర్తి చక్రాలు. అలాగే 525కి శేషం 42, ఉల్సా.

'463 కూడా గ్యేమ్యోనే కదా, 583 కూడా' అని మీరు అడుగుతారు. అక్కడే మిగతా మాటలు పనికొస్తాయి. సామా అనే పేరు, మహాసేనాని అనే బిరుదు. ఆ బిరుదు లియాంగ్ చక్రవర్తి ఇచ్చింది 521లోనని చైనావాళ్ళే రాసుకున్నారు. కాబట్టి 463 పనికిరాదు. సంగుక్ సాగిలో రాజు మరణం 523 అయిదో నెల అనే ఉంది. రెండూ అతికాయి.

ఇంకో తనిఖీ ఉంది, మాస్టారుగారికి నచ్చుతుంది. రోజులకూ అదే 60 పేర్ల చక్రం. పలక మీద ఆ నెల పాడ్యమి పేరు బ్యోంగ్సుల్ అని, ఏడో రోజు పేరు ఇమ్జిన్ అని రెండూ చెక్కారు. బ్యోంగ్సుల్ చక్రంలో 23వది. ఆరు రోజులు కలిపితే 29. ఇరవై తొమ్మిదోది ఇమ్జిన్. సరిపోయింది. సమాధి చేసిన నెల పాడ్యమి చక్రంలో 10వది, 12వ రోజు 21వది కావాలి. పలక మీద గప్సిన్ అని ఉంది, అది 21వదే. చెక్కినవాడు ఎక్కడా లెక్క తప్పలేదు.

వయసు దగ్గర మనవాళ్ళు తప్పు చేస్తారు. 523లోంచి 62 తీసేసి 461 అంటారు. కొరియా పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, ఆ తర్వాత ప్రతి కొత్త సంవత్సరానికీ ఒకటి. కాబట్టి తీసేయాల్సింది 61. వచ్చేది 462.

ఇక ఒక్క అక్షరం సంగతి. 'పోయాడు' అన్నదానికి పలక మీద వాడిన చైనా అక్షరం చక్రవర్తులు పోతే మాత్రమే వాడేది. మన 'పరమపదించారు', 'చనిపోయాడు' లాంటి తేడా అనుకోండి, కాకపోతే అక్కడ అది చట్టమంత గట్టిది. అదే వాక్యం మొదట్లో ఆయన లియాంగ్ చక్రవర్తి కింద ఒక సేనాని. చివరికొచ్చేసరికి చక్రవర్తి. బయటివాళ్ళకు చూపించే మాట ఒకటి, ఇంట్లో అనుకునే మాట ఇంకొకటి. రెండూ ఒకే రాతి మీద ఉన్నాయి. 'మురియోంగ్' అన్న పేరు మాత్రం సమాధిలో ఎక్కడా లేదు. అది పోయాక ఇచ్చిన పేరు.

ప్రశ్న: సమాధికి భూమి కొన్నట్టు దస్తావేజు కూడా ఉందన్నారు. రాజుకు భూమి ఎవరు అమ్మారు? (విజయవాడ)

భూదేవతలు. ఇది రెండో పలక. రాజు పలక పక్కనే, సమాధిలోకి వెళ్ళే సన్నటి దారిలో పెట్టారు. పదివేల కాసులిచ్చి, భూమి రాజుకూ భూమి పెద్దకూ భూమి తల్లిదండ్రులకూ వాళ్ళ కింది అధికారులకూ విన్నవించి, నైరుతికీ పడమరకీ మధ్య దిక్కున నేల కొన్నామని, సాక్ష్యంగా ఈ పత్రం రాశామని ఉంది. చైనాలో ఇలాంటి సమాధి దస్తావేజుల ఆచారం అప్పటికే పాతది.

పత్రంలో పదివేలు. పలకల మీద పెట్టింది దాదాపు 90 ఇనుప నాణాలు. రిజిస్ట్రేషన్ విలువకూ చేతులు మారిన సొమ్ముకూ తేడా అన్నది కొత్త సంగతేమీ కాదు! నిజానికి అక్కడ గమనించాల్సింది నాణాల సంఖ్య కాదు, లోహం. లియాంగ్ రాజ్యం ఇనుప నాణాలు పోయడం మొదలుపెట్టింది 523లోనే. రాజును లోపల పెట్టింది 525లో. అంటే సముద్రం దాటి వచ్చిన సరికొత్త డబ్బు అది.

ఇక ఆ పలక తలకిందుల కథ. 526 చివర్లో రాణి పోయింది. 529 రెండో నెలలో ఆమెను అదే సమాధిలో ఉంచడానికి తలుపు ఇటుకలు తీశారు. కొత్త రాయి తేలేదు. దస్తావేజు పలకనే తిరగేసి, ఖాళీ వైపు రాణి గురించి చెక్కారు. అందువల్ల కొన్న పత్రం రాణి పలకకు వెనకవైపు అయింది. రాణి వాక్యంలో ఆమెను అంతదాకా 'పడమటి నేలలో' ఉంచామని ఉంది. రాజుకు కూడా పోయిన నాటినుంచి సమాధి చేసే నాటికి 27 నెలలు గడిచాయి. 1996లో గోంగ్జులోనే జోంగ్జీసాన్ గుట్ట మీద తవ్వితే ఒక విచిత్రమైన కట్టడం ఆనవాళ్ళు బయటపడ్డాయి. నది ఒడ్డు కోట గోంగ్సాన్సోంగ్ నుంచి చూస్తే అది సరిగ్గా పడమర, సమాధి నైరుతి-పడమర. దేహాన్ని ఉంచిన చోటు అదేనని, రాజభవనం ఆ కోటలో ఉండేదని వాదించేవాళ్ళకు ఈ రెండు దిక్కులే ముఖ్యమైన ఆధారం.

ప్రశ్న: కొరియన్‌లో 'గోంగ్జు' అంటే యువరాణి అని మా అమ్మాయి చెప్పింది. ఊరికి ఆ పేరెందుకు? (నెల్లూరు)

అమ్మాయి చెప్పింది నిజమే, కానీ రెండూ వేరు మాటలు. పలకడం ఒకటే, 'జు'కు రాసే చైనా అక్షరం వేరు. ఊరి పేరులోని 'జు'కు పరగణా అని అర్థం.

ప్రశ్న: అంత పెద్ద సమాధిని ఒక్క రాత్రిలో ఖాళీ చేశారట. నిజమేనా? అసలు ఏం జరిగింది? (విశాఖపట్నం, పురావస్తు విద్యార్థి)

నిజమే. వివరంగా చెబుతాం, ఎందుకంటే తవ్వకాలు చదివేవాళ్ళకు ఇంతకంటే మంచి చెడ్డ ఉదాహరణ దొరకదు.

సోంగ్సాన్-రి గుట్ట మీద 5, 6 నంబర్ల సమాధులు ముందే తెలుసు. వాటిలోకి వాన నీళ్ళు ఊరుతున్నాయని, వెనకవైపు మురుగు కాలువ తవ్వుతున్నారు. 1971 జులై 5న పనివాడి పారకు ఇటుక తగిలింది. ఆ వెనకున్న చిన్న మిట్టను అంతదాకా సమాధి అనుకున్నవాళ్ళే లేరు. ముందు సమాధులకు ఆసరాగా వాస్తు కోసం పోసిన దిబ్బ అనుకున్నారు. 1930లలో ఈ గుట్టనంతా గాలించిన ఒక జపనీయ ఉపాధ్యాయుడూ అలాగే అనుకున్నాడు. ఇది మిగలడానికి కారణం ఆ పొరపాటే.

7న సియోల్ నుంచి నిపుణులు వచ్చారు. నేషనల్ మ్యూజియం డైరెక్టర్ కిమ్ వోన్‌యోంగ్ పెద్ద. ఆ సాయంత్రం కుండపోత వాన. నీళ్ళు లోపలికి పోకుండా రాత్రి కాలువ తీశారు. 8 మధ్యాహ్నం ఒక చిన్న పూజ చేసి, తలుపుకు అడ్డం పెట్టిన ఇటుకలు తీశారు. లోపలికి మొదట వెళ్ళినవాళ్ళు బయటికొచ్చి, ఇది బెక్‌జే మురియోంగ్ రాజు సమాధి అని అక్కడికక్కడే ప్రకటించేశారు. ఆ క్షణం నుంచి పరిస్థితి చెయ్యి దాటింది. విలేకరులు, ఊరి జనం ఎగబడ్డారు. ఫొటోలు తీసుకోనిస్తామని లోపలికి వదిలితే తొక్కిసలాటలో ఒక కంచు చెంచా విరిగింది. ఎంత వేగంగా ముగిస్తే అంత మంచిదని అప్పుడు నిర్ణయించారు.

మామూలుగా చేయాల్సిందేమిటి? తలుపు మళ్ళీ మూయాలి. కాపలా పెట్టాలి. నేలను గళ్ళుగా విభజించి, ఒక్కో గడిలో ఏ వస్తువు ఏ లోతులో, ఏ దిక్కుకు తిరిగి ఉందో గీయాలి, ఫొటో తీయాలి, ఆ తర్వాతే కదపాలి. ఇక్కడ పెద్ద వస్తువులకు గబగబా బొమ్మలు గీసి, మిగతావి నేల మట్టితో సహా పారతో ఎత్తి గోనెల్లో వేశారు. 9 ఉదయానికి సమాధి ఖాళీ.

పోయిందేమిటో చూడండి. బంగారం పోలేదు. కిరీటం మీద పెట్టుకునే బంగారు రేకులు, చెవిపోగులు, పిడి చివరి వలయంలో డ్రాగన్ ఉన్న కత్తి, మూడు కంచు అద్దాలు అన్నీ ఉన్నాయి. 12 రకాలు జాతీయ సంపదల జాబితాకెక్కాయి కూడా. పోయింది వరుస. వేలకొద్దీ గాజుపూసలు, ఏది మెడలో దండ, ఏది నడుము వడ్డాణం, ఏది బట్టకు కుట్టింది అన్నది దారం కుళ్ళిపోయాక వాటి స్థానం ఒక్కటే చెప్పగలదు. ఆ స్థానం గోనెలో కలిసిపోయింది. బట్టల పీలికలు, శవపేటిక చెక్కలు, చెట్ల వేళ్ళు కలగలిసిన ఆ మట్టిని మ్యూజియంవాళ్ళు దశాబ్దాల పాటు ఏరుతూనే ఉన్నారు. మొదటి నివేదికలో వస్తువులు 2,906. 2021లో మొత్తం పెట్టిన ప్రదర్శనలో 5,232.

కిమ్ వోన్‌యోంగ్ తర్వాత ఆ తొందరపాటుకు తనే బాధ్యుడినని బహిరంగంగా ఒప్పుకున్నాడు. 1973లో గ్యోంగ్జులో చోన్మాచోంగ్ అనే సిల్లా సమాధికి నెలల తరబడి సమయం తీసుకున్నారు.

ప్రశ్న: కొరియా రాజులు రాళ్ళ దిబ్బలు వేసేవారు కదా, ఇక్కడ ఇటుకలెందుకు? ఎలా కట్టారు? నీళ్ళెందుకు ఊరాయి? (రాజమహేంద్రవరం, సివిల్ ఇంజినీర్)

ఇటుక సమాధి లియాంగ్ ఫ్యాషను. పక్కనున్న ఆరో సమాధి ఇటుక మీద లియాంగ్‌ను గురువుగా చేసుకున్నామన్న అర్థం వచ్చే రాత కూడా ఉంది.

గుట్ట వాలులోకి తొలిచి కట్టిన గది. పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 2.7, ఎత్తు సుమారు 3. ముందు 2.9 మీటర్ల దారి, మనిషి వంగి నడవాల్సినంత ఎత్తు. గోడ వరస చూడండి: నాలుగు వరసలు పడుకోబెట్టి, ఒక వరస నిలబెట్టి, మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒకటి. నిలువు ఇటుకల మొహాన సగం తామర పువ్వు అచ్చు. రెండు పక్కపక్కన పెడితే పువ్వు పూర్తవుతుంది. కాబట్టి అచ్చు పోసేటప్పుడే ఏ ఇటుక ఎక్కడో నిర్ణయించి ఉండాలి. పైన కమాను. ఉత్తరం గోడకు ఒకటి, తూర్పు పడమరలకు రెండేసి, మొత్తం అయిదు దీపపు గూళ్ళు, వాటిలో తెల్ల పింగాణీ ప్రమిదలు. దారి మూసిన ఇటుకల్లో ఒకదాని మీద ఇమ్జిన్ సంవత్సరంలో చేసినట్టుంది. మాస్టారి సూత్రం వేయండి, 512 వస్తుంది. రాజు బతికుండగానే, పోవడానికి 11 ఏళ్ళ ముందు.

నీటి సంగతి వాళ్ళకూ తెలుసు. గది నుంచి గుట్ట కిందికి దాదాపు 19 మీటర్ల ఇటుక తూము వేశారు. మూసి ఉన్నన్నాళ్ళూ లోపలి తేమ, వేడి స్థిరంగా ఉన్నాయి. తెరిచి సందర్శకులను పంపాక ఊపిరి ఆవిరి, బయటి గాలి, దీపాల వెలుగు అన్నీ చేరాయి. చల్లటి ఇటుక మీద ఆవిరి నీటి బొట్లయింది, వెలుగుకు పాచి పట్టింది, పైనుంచి ఊట. 1997 నుంచి జనానికి మూసేశారు.

ప్రశ్న: కొరియా రాణి ఒకావిడ మన అయోధ్య నుంచి వెళ్ళిందంటారు. ఆవిడ ఈయన భార్యేనా? (అమెరికా నుంచి ఒక పాఠకురాలు)

కాదు. ఆ కథ గాయా రాజు సురోది, 13వ శతాబ్దపు సంగుక్ యుసా అనే గ్రంథంలో ఉంది. అందులో రాణి వచ్చిన ఊరు 'ఆయుతా'. అది అయోధ్యేనా అన్నది వేరే చర్చ. మురియోంగ్ రాణి ఎవరి కూతురో కూడా పలక చెప్పదు.

మన వైపు దారి వెతకాలంటే ఆ పూసల్లో వెతకండి. సమాధిలోని చిన్న రంగు పూసల్లో చాలావరకు ఇండో-పసిఫిక్ పూసలనే కోవకు చెందినవి. కొన్నిటిలోని సీసం థాయ్‌లాండ్ గనులదని పరీక్షల్లో తేలింది. అవి మన దేశంలో చేసినవని మేం అనడం లేదు. చేసే పద్ధతి మాత్రం పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో మొదట గుర్తించింది. దాని పాత కొలిమి పనిని పరిశోధకులు 20వ శతాబ్దం చివర్లో కూడా మన పాపానాయుడుపేటలో (శ్రీకాళహస్తి దగ్గర) చూసి రాసుకున్నారు. కరిగిన గాజు ముద్దను బోలు ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమిలో తిప్పుతూ, అవతలి వైపు నుంచి సన్నటి గాజు గొట్టంగా లాగుతారు. మధ్యలో బెజ్జం దానంతటదే ఉంటుంది. చల్లారాక ముక్కలు నరుకుతారు. అంచులు వాడిగా ఉంటాయి కాబట్టి మళ్ళీ వేడిచేసి గుండ్రం చేయాలి. అప్పుడు బూడిద కలపకపోతే బెజ్జాలు మూసుకుపోయి, పూసలన్నీ ముద్ద కట్టేస్తాయి.

ప్రశ్న: సమాధిలో రాజు, రాణి తప్ప సామాన్యుల పేరు ఒక్కటైనా ఉందా? (ఖమ్మం)

ఒక్కటుంది, దారి. రాణి ఎడమ చేతి వైపు దొరికిన వెండి కడియాల జత లోపలి అంచున, చర్మానికి ఆనే వైపు చెక్కి ఉంది: గ్యోంగ్జా సంవత్సరం రెండో నెలలో దారి చేశాడు, మహారాణిగారికి, 230 జు. జు అంటే తూకం కొలత. సంవత్సరం 520. బయటివైపు నాలుక చాచిన డ్రాగన్లు ఉంటాయి.

ప్రశ్న: జపాన్ చక్రవర్తి ఈ రాజు తమ పూర్వీకుడని అన్నాడా? (తిరుపతి)

2001 డిసెంబరులో, తన పుట్టినరోజు విలేకరుల సమావేశంలో అప్పటి చక్రవర్తి అకిహితో అన్న మాట: చక్రవర్తి కన్ము తల్లి మురియోంగ్ వంశంలోనిదని షోకు నిహోంగి అనే పాత జపాన్ చరిత్రలో ఉందని, అందువల్ల కొరియాతో తమకు బంధం ఉన్నట్టు అనిపిస్తుందని. కన్ము 8వ శతాబ్దం చివరివాడు. బంధం రెండువైపులా ఉంది. రాజు, రాణి శవపేటికల చెక్క కోయమకి అనే చెట్టుది. అది సహజంగా పెరిగేది జపాన్‌లోనే. 1991లో చెక్కను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు తేలింది.

ప్రశ్న: వచ్చే నెల సియోల్ వెళ్తున్నాం. ఒక్క రోజులో చూసి రావచ్చా? (బెంగళూరు)

వచ్చు. రైలు స్టేషను పేరు గోంగ్జు అని చూసి టికెట్ కొనకండి. స్పీడు రైలు స్టేషను ఊరికి చాలా దూరంలో ఉంది, అక్కణ్ణుంచి మళ్ళీ బస్సు ఎక్కాలి. సియోల్ ఎక్స్‌ప్రెస్ బస్ టెర్మినల్ నుంచి బస్సు నేరుగా ఊళ్ళోకి వస్తుంది, సుమారు గంటన్నర. అసలు సమాధి లోపలికి పంపరు. ముందున్న హాల్లో అదే కొలతలతో కట్టిన నమూనా ఉంటుంది, అందులోకి వంగి వెళ్ళొచ్చు. అక్కణ్ణుంచి గోంగ్జు నేషనల్ మ్యూజియానికి నడిచి వెళ్ళొచ్చు, అసలు వస్తువులు అక్కడే ఉంటాయి. సోమవారం పెట్టుకోకండి. పలకల ముందు ఎక్కువసేపు నిలబడండి. బంగారం దగ్గర జనం ఎలాగూ ఉంటారు.

ప్రశ్న: సమాధి దారిలో ఉన్న రాతి జంతువు ఏమిటి? పందా, ఖడ్గమృగమా? కాలు ఎవరు విరగ్గొట్టారు? (అనంతపురం)

సమాధిని కాచే మృగం, ఏ ఒక్క జంతువూ కాదు. ఎత్తు 30 సెంటీమీటర్లు, పొడవు అర మీటరు. తల మీద ఇనుప కొమ్ము, పక్కలకు రెక్కల ఆకారం, పెదాలకు ఎర్ర రంగు. బయటి వైపు చూస్తూ నిలబెట్టారు. వెనక కాలు ఒకటి 1971లో విరిగింది కాదు, తెరిచినప్పటికే విరిగి ఉంది. దొంగలెవరూ లోపలికి చొరబడలేదు కాబట్టి వాళ్ళ పనీ కాదు. లోపల పెట్టేటప్పుడే కావాలని విరిచారని చాలామంది పండితుల అభిప్రాయం. కాపలాదారు ఆ చోటు వదిలి పోకూడదుగా.